మూడు పిన్నుల మీద టేపు

చంద్రశేఖర్ స్టూడియో మిద్దె మీద పొడుగు లెన్సు బిగించింది పెనుకొండ కొండమీది గద్దల కోసం కాదని, ఎదురరుగు మీద కూర్చునే రాణి కోసమని ఈరక్క అనిందట. ఆ మాటను చౌడక్క మోసుకొచ్చి అతని పెళ్లాం నీలావతి చెవిన వేసింది.

నీలావతి నవ్వేసింది. తమ ఇంటి ముందరి ఆ అరుగు మీద రాణి పక్కనే కూర్చుని ధర్మవరం చీరలకు కుచ్చులు వేసేది తనే. అయినా ఆ నవ్వు మధ్యాహ్నం దాకా నిలవలేదు. క్యారియరు తీసుకుని మొగుడి స్టూడియో మెట్లెక్కింది.

చంద్రశేఖర్ తలుపు వైపు తిరిగి, "ఎవురూ?" అన్నాడు.

"పెండ్లాన్ని గుడక గుర్తుపట్టవా?"

"ఎదురెండ లే."

"గద్దల ఫోటో ఒకటి సూపీ."

"ఇంకా కుదర్లేదు."

అతను చేతులు కడుక్కోవడానికి కిందికి పోగానే ఆమె కెమెరా మూత తెరిచింది. రీలు లేదు.

"రీలు లేకుండా ఏం సూస్తాడబ్బా?" స్టూడియోలో భాగస్థుడు అనిల్‌ను అడిగింది.

"నాకేం తెలుసు వదినా. హిందూపురం పోయి ఈ కన్వర్టరు తెచ్చినాడు. దూరాన్ని ఇంకా దగ్గర చేస్తాది." లెన్సుకూ కెమెరాకూ నడుమ ఉన్న పొట్టి గొట్టాన్ని తిప్పి ఊడదీశాడు. అంచున వరుసగా చిన్న పిన్నులు. మూడింటి మీద టేపు.

"ఈ మూడు తగిలితేనే కన్వర్టరు ఉండాదని లెన్సుకు తెలిసేది. వెలుతురు తగ్గిందని అది కెమెరాకు చెప్తాది. కెమెరా ఇంక తనంతట ఫోకస్ చెయ్యదు, మనమే చేత్తో తిప్పుకోవల్ల. టేపేస్తే దానికి తెలీదు, పాపం, తిప్పుతానే ఉంటాది."

"మీ అన్న చేత్తో తిప్పలేడా?"

"అదే వదినా. చేతి ఫోకస్‌లో అన్నకు అన్నే సాటి. ఇప్పుడు పెండ్లిళ్లకు గుడక నన్నే పంపిస్తాండాడు."

లెన్సుకే తెలియకుండా టేపేసినవాడు పెళ్లానికి తెలియకుండా ఏమైనా చేస్తాడు అనుకుంది నీలావతి.

చంద్రశేఖర్ గోడకు చెయ్యానించి నిదానంగా మెట్లెక్కి వచ్చాడు.

"నేను గోరంట్లకు, మా నాయన దగ్గరికి పోతాండా. మళ్లీ రాను," అంది. "నువ్వు రాణిని సూసుకుంటా కూసో."

"రాణిని ఎవురు సూసిరి?"

"లెన్సు మా అరుగు మీదికి పెట్టలేదా?"

"పెట్టినా."

"మరి ఆడ సూసేదానికి ఇంకెవురుండారు?"

చంద్రశేఖర్ ఆమె గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"వట్టి కండ్లకు నీ మొగం కనపడ్డంలేదు."