కమీషన్ మనిషి

ఐజాజ్ చెప్పిన ధర వినగానే ఉషశ్రీ కుర్చీలోంచి లేచి నిలబడింది.

నందిగామ బస్టాండు పక్కన చిన్న కంప్యూటర్ల కొట్టు అతనిది. ఆమె వత్సవాయి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ఇంట్లో పాత టీవీ ఉంది. భర్త మోజుపడి కొనుక్కున్న పెద్ద స్పీకర్లున్నాయి. వాటికి తగిలించి ఇంట్లోనే థియేటర్లో చూసినట్టు సినిమాలు చూడ్డానికి ఒక కంప్యూటర్ కావాలి. అదీ తక్కువలో కావాలి, ఇవాళే కావాలి.

ఎందుకంటే రేపు ఆమె భర్త నవీన్‌బాబు ఆస్పత్రి నుంచి ఇంటికి వస్తున్నాడు.

పత్తి లోడు మీద కూర్చుని వస్తూ ట్రాక్టరు మీంచి పడ్డాడతను. నడుముకు ఆపరేషన్ చేశారు. ఇంకా చాలాకాలం మంచం దిగకూడదన్నారు. సినిమా అంటే చెవి కోసుకునే మనిషి, ఇప్పుడు ఎవరు పలకరించినా మొహం తిప్పుకుంటున్నాడు. కట్టుకున్నదానితో కూడా మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఇంటికొచ్చేసరికి మంచానికి ఎదురుగా సినిమా ఆడుతుంటే ఒక్కసారైనా నవ్వుతాడేమోనని ఆమె ఆశ. ఆ నవ్వు కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది.

ఇదంతా ఐజాజ్‌కి చెప్పుకుంది. అతను జాలిపడ్డాడు. కానీ బోర్డు, ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల లైట్లున్న క్యాబినెట్, అన్నీ కొత్తవి వేసి చేస్తే ఇంతకన్నా తగ్గదన్నాడు.

"సినిమాలకి గ్రాఫిక్స్ కార్డు దేనికండీ?" అన్నారెవరో.

గోడవారన బెంచీ మీద కూర్చున్న నడివయసు మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో పెన్ను, చంకలో మడతపెట్టిన దుప్పటి.

"ఆటలాడే పిల్లలకైతే కావాలి గానీ, సినిమాకి ప్రాసెసర్లో ఉన్నదే చాలమ్మా. ఆ లైట్లూ వద్దు. పడుకున్న మనిషి గదిలో ఫ్యాను గోల చెయ్యకూడదు. ముందు అది చూసుకోండి," అన్నాడాయన.

ఉషశ్రీ జాగ్రత్తపడింది. అడక్కుండా సలహా చెప్పేవాళ్లని చూస్తే ఆమెకు ఒళ్లుమంట. మార్కెట్ యార్డులో ఇలాంటి తెల్లచొక్కావాడే ఒకడు, తనూ రైతునేనంటూ పక్కన చేరి, వాళ్ల నాన్న చేత మంచి పత్తిని కారుచవగ్గా అమ్మించాడు. వాడు బ్రోకరని పత్తి లారీ ఎక్కాక గానీ తెలియలేదు. పత్తి పండించే ఇంట్లో పుట్టినవాళ్లకి మనుషుల్ని నమ్మడం కంటే అనుమానించడం ముందు వస్తుంది. అందులో వాళ్ల తప్పూ లేదు.

ఆయన లేచి వెళ్లి, అలమరలో గుడ్డ కప్పిన చిన్న పెట్టెను తీసి బల్లమీద పెట్టాడు. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన కంప్యూటర్ అది. మెమరీ సరిపడా ఉందని, నొక్కగానే లేస్తుందని, సినిమాలు దాచుకోడానికి పెద్ద డిస్కు ఒకటి తర్వాత తగిలించుకోవచ్చని విడమరిచి చెప్పాడు. ఆన్ చేసి, చెవి దగ్గరపెట్టి వినమన్నాడు. ఫ్యాను తిరుగుతోందో లేదో కూడా తెలియలేదు.

ఐజాజ్ మొహం అదోలా పెట్టాడు.

"అది వద్దులెండి సార్. ఇలాంటిది మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు."

"రేపు మనిషి ఇంటికొస్తున్నాడంటున్నారు కదండీ. ఇచ్చెయ్యండి."

ఉషశ్రీ లోలోపల నవ్వుకుంది. ఒకడు వద్దంటాడు, ఇంకొకడు ఇచ్చెయ్యమంటాడు. యార్డులో రోజూ ఆడే నాటకమే. ఇద్దరూ తోడుదొంగలు. అయినా పెట్టె బాగుంది, తెచ్చుకున్న డబ్బులో వస్తోంది. వాళ్ల నాటకం వాళ్లది, తన అవసరం తనది అనుకుని తీసుకుంటానంది.

ఐజాజ్ వైర్లు సర్దుతుంటే తెల్లచొక్కా ఆయన ఫోన్ మోగింది.

"ఇవాళ కుదర్లేదే. వాళ్లకి నేనొచ్చి చెప్తాలే," అని పెట్టేశాడు.

ఇంకెక్కడో బేరం చెడిందన్నమాట, అనుకుందామె.

ఆయన చంకలోని దుప్పటి విప్పి పెట్టెకు చుట్టడం మొదలుపెట్టాడు. బస్సు కుదుపులకి దెబ్బ తగలకుండా ఉంటుందన్నాడు.

"దీనికెంతండీ?" అంది ఉషశ్రీ.

"దీనికేముందమ్మా, ఇంట్లోదే."

అక్కడితో ఆమె ఓపిక అయిపోయింది.

"మా యార్డులో మీలాంటోళ్లని చాలామందిని చూశానండి. మీ కమీషనేదో ఆయన దగ్గర తీసుకోండి. నా దగ్గర మాత్రం ఈ మంచితనం వద్దు."

ఐజాజ్ ఏదో అనబోయాడు. ఆయన చేత్తోనే వద్దని వారించాడు. మొహం మాత్రం చిన్నబోయింది. దుప్పటి ముడి గట్టిగా బిగించి, పెట్టెను ఆమె వైపు జరిపాడు.

"మీ ఆయనకి తొందరగా నయమవ్వాలమ్మా."

ఆ మాట అని మెట్లు దిగి, బయల్దేరుతున్న విజయవాడ బస్సెక్కాడు. బస్సు హైవే వైపు తిరిగింది.

ఉషశ్రీకి యార్డులో నాన్నకు జరిగిన దానికి ఇవాళ బదులు తీరినంత తృప్తిగా ఉంది. డబ్బు కట్టి పెట్టె ఎత్తుకుంటూ ఐజాజ్‌తో అంది.

"మీ బ్రోకరు మళ్లీ వస్తే చెప్పండి, పత్తి రైతులందరూ అమాయకులు కారని."

ఐజాజ్ ఆ డబ్బు గల్లాలో వెయ్యకుండా విడిగా ఒక కవర్లో పెట్టాడు.

"ఆయన బ్రోకరు కాదమ్మా," అన్నాడు. "మంగళవారం కొత్త వస్తువు ఇంటికి తీసుకెళ్లకూడదని, నిన్న కొనుక్కున్న ఈ పెట్టెని నా దగ్గరే ఉంచి, ఇవాళ పట్టుకెళ్దామని వచ్చిన మనిషి."