గోడవార కుర్చీ

"మళ్ళీ వచ్చీసినావేటి మావా!" సాలూరు సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్టు చింపుతూ తాతారావు నవ్వాడు.

దైవాధీనం కూడా నవ్వి లోపలికి నడిచాడు. హాలంతా ఖాళీ. అయినా ఆయన మధ్యలో కూర్చోడు. గోడకి సౌండుబాక్సు బిగించిన చోట, దాని కింది కుర్చీయే కావాలి.

"అక్కడ కూకుంటే బొమ్మ వంకరగా అవుపడతాది. అయినా నువ్వు సూత్తే కదా! కళ్ళు మూసుకుని నిద్దరోతావు. నిద్దరకోసం కొండ దిగి రావాలేటి?"

దైవాధీనం వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

ఆ సినిమా సాలూరు పైకొండల్లో, ఆయన ఊళ్ళోనే తీశారు. పాటల్లేవు, ఫైట్లు లేవు. కొండమీద ఒంటరిగా బతికే ఒక ఆడమనిషి కథ. పట్నం నుంచి వచ్చిన హీరోయిన్ కొండ యాసలో నోరు విప్పితే చాలు, కుర్రకారు ఈలలు, వెక్కిరింతలు. చీమకైనా హాని తలపెట్టని దైవాధీనం ఒకరోజు లేచి, వాళ్ళలో ఒకడి చొక్కా పట్టుకున్నాడు. తాతారావు వచ్చి విడిపించాల్సి వచ్చింది.

వారం తిరక్కుండానే సినిమా ఎత్తేశారు. అది మొదలు ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి ఆయన అడిగేది ఒక్కటే. ఆ బొమ్మ మళ్ళీ ఒక్కసారి పడాలి, ప్రభువా.

పదమూడేళ్ళకి ప్రభువు కనికరించాడు. అప్పుడు పట్టించుకోని సినిమానే ఇప్పుడు పెద్దపెద్దవాళ్ళు ఆణిముత్యం అన్నారు. విశాఖ ఫిల్మ్ క్లబ్బువాళ్ళు అరకులో వేస్తున్నారని తెలిసి, దైవాధీనం ఉతికిన పంచె కట్టుకుని బస్సెక్కాడు. అక్కడా సౌండుబాక్సు పక్కనే చోటు వెతుక్కున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

హీరోయిన్ మొదటి మాట అంది.

దైవాధీనం కళ్ళు తెరిచాడు. తెరమీద మనిషి ఆమే. ఇంకో రెండు మాటలు విన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన లేచి బయటికి వచ్చేశాడు.

క్లబ్బు కుర్రాడు రవిబాబు వెనకే వచ్చాడు.

"ఏం పెద్దాయనా, సినిమా బాగోలేదా?"

"బాగున్నాది బాబూ. పాత రీలు ఎక్కడైనా ఉన్నాదా?"

"ఎక్కడిదండీ! బొమ్మ దక్కింది గానీ సౌండంతా పాడైపోయింది. అందరికీ కొత్తగా డబ్బింగ్ చెప్పించారు. అదీ మంచిదే అయింది. ఇప్పుడు హీరోయిన్ మాట శుభ్రంగా అర్థమవుతోంది."

దైవాధీనం మెట్టుమీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళూ బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. రవిబాబు కంగారుగా ఆయన భుజం పట్టుకున్నాడు.

"ఆ పాత గొంతు మా కూతురు బేబిది బాబూ, మద్రాసెళ్ళి సెప్పొచ్చి, బొమ్మ ఆడకముందే జొరమొచ్చి పోనాది మా గుంట."