దుబాయి చాక్లెట్లు

"దీవెన వాళ్ల నాయన దుబాయి నుంచి పంపిండు బిడ్డా," అంటూ బడి గుమ్మంలో ఒక ముసలాయన చాక్లెట్ల సంచి ఎత్తి చూపించాడు.

కోరుట్లలో ఆ మాటంటే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు తోటివాళ్ల పిల్లలకూ సామాను మోసుకురావడం మామూలే.

"ఆనంద్ అన్న మంచిగున్నడా పెద్దయ్యా?" అంది ఆ చిన్నపిల్లల బడి నడిపే అఖిల.

"మంచిగున్నడు. బిడ్డకు మొన్ననే నాలుగేండ్లు నిండినయట గదా! గులాబీ గౌను ఏసుకున్నదట. పిల్లను ఇంటికాడ దింపుమన్నడు."

అన్నీ నిజాలే. అఖిల దీవెనకు చెప్పులు తొడిగి, ఆ చిన్న చెయ్యి అందించింది.

ముసలాయన పట్టుకోలేదు.

"నేను దుబాయి ఎన్నడూ సూడలే బిడ్డా. ఆనంద్ ఎవరో నాకెరుక లేదు. గియన్ని నువ్వు ఫేస్‌బుక్‌ల పెట్టిన ఫొటోలల్ల, వాటి కింది రాతలల్ల సూసిన. రేపు ఇంకొకడు సూస్తడు. తీసెయ్యి."

అఖిల దీవెనను వెనక్కి లాక్కుంది. తప్పు తనదని తెలిసేసరికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"పిల్లలను ఎత్తుకపోను అచ్చినవా?"

ఆయా బాలమ్మ చీపురు తిరగేసింది. ఇరుగుపొరుగు వచ్చి ముసలాయనను గేటు బయటికి నెట్టారు. ఆయన బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

అఖిల అక్కడే కూర్చుని ఫొటోలన్నీ తీసేసింది. ఇకనుంచి ఎవరి పిల్లల ఫొటో వాళ్ల తండ్రికే పంపాలనుకుంది.

తోపులాటలో ముసలాయన జేబులోంచి జారిపడిన ఫోన్ గేటు దగ్గర మోగింది.

"బాపూ, యాడున్నవ్?" అంది అవతల ఆయన కూతురు.

అఖిల సిగ్గుపడుతూ జరిగిందంతా చెప్పింది. బాలమ్మ బస్టాండుకు పరుగెత్తింది గానీ, అప్పటికే ఆయన ఎక్కిన సిరిసిల్ల బస్సు వెళ్లిపోయింది.

"ఏం గాదు మేడం. జగిత్యాలల గూడ గిట్లనే ఎల్లగొట్టిండ్రు. ఫొటోలు తీసేసిండ్రా మరి?"

"తీసేసిన. రేపు నేనే అచ్చి ఫోనిస్త, కాళ్లు మొక్కుత. గీ తిప్పలెందుకమ్మా పెద్దయ్యకు?"

"మూడేండ్ల కింద మా ఊర్ల ఓ పిల్లను గిట్లనే తీస్కపోయిండ్రు. దేవుని దయ, పదకొండు రోజులకు దొరికింది. ఇప్పుడు మంచిగ సదువుకుంటున్నది."

అఖిల ఊపిరి పీల్చుకుంది. "మీ పిల్లేనా?"

"కాదు మేడం. చాక్లెట్లు తెచ్చినోణ్ని నమ్మి, ఆ పిల్ల చెయ్యి వాని చేతుల పెట్టిన బడి సారు మా బాపే."