ఇంకొక్క పొర

సినిమాల్లో పేరు మోసిన మా అక్క కూతురికి పద్దెనిమిదేళ్లుగా మేకప్ వేసేది నేనే. నిన్న టీవీలో అది "నేనూ నల్లజాతిదాన్నే" అనేసింది. తెల్లారేసరికి జనం భగ్గుమన్నారు. "మీగడలాంటి ఆ ముఖమా నల్లజాతి? అవకాశాలు తగ్గి కొత్త వేషం కట్టింది!" అని ఒకటే తిట్లు.

సాయంత్రం అది ఒక హాల్లో అందరి ముందూ సంజాయిషీ చెప్పుకోవాలి. నా పాడు చెయ్యి అలవాటు చొప్పున రోజూ వేసే తెల్లరంగే పూసేసింది. అది అద్దంలో చూసుకుని అదిరిపడింది.

"ఇలా వెళ్తే చంపేస్తారు పిన్నీ. దీని మీద ముదురురంగు వెయ్యి."

"వెయ్యడమెందుకే? తుడిస్తే సరిపోతుంది, అచ్చం మీ అమ్మలా ఉంటావు."

దూది తీశాను. నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"వద్దు. ఆ ముఖం చూస్తే నాకే భయం."

దూది గుప్పిట్లో ముడిచేశాను. పదిహేనేళ్ల పిల్లకి మొదటిసారి తెల్లరంగు పూసి, "ఇక నీకు తిరుగులేదే" అని మురిసిపోయింది నేనే కదా. ముదురురంగు కూడా వేసేశాను.

హాల్లో అది నోరు విప్పకముందే ముందువరసలోని ఒకావిడ లేచొచ్చింది. తడి రుమాలుతో దాని చెంప మీద ఒక్క రుద్దు రుద్దింది. ముదురురంగు రుమాలుకి అంటుకుంది. చెంప మీద తెల్లటి చార తేలింది.

"చూశారా! రంగు పూసుకొచ్చింది!"

హాలంతా లేచింది. ఎవరో చెప్పు విసిరారు. అది నా వైపు చూసింది. దూది ఇంకా నా గుప్పిట్లోనే ఉంది.

ఆవిడ రుమాలు మడిచేసుకుంది. ఇంకొక్క రుద్దు రుద్ది ఉంటే, మా అక్క రంగు బయటపడేది.