గీస్తే అరుగుతుంది

బంగారం కొనడానికి వెళితే కుర్చీ వేస్తారు, కూల్‌డ్రింక్ ఇస్తారు, పిల్లలుంటే బెలూన్ కూడా ఇస్తారు. అదే బంగారం అమ్మడానికి వెళ్లి చూడండి. మంచినీళ్లు కూడా అడిగి తాగాలి. అడిగినా ముందు గ్లాసు వంక చూసి, తర్వాత మన వంక చూసి, అప్పుడిస్తారు.

జాగ్రత్తయ్య ఆ నీళ్లే పొద్దున్నుంచి నాలుగు గ్లాసులు తాగాడు. అయినా నోరు ఎండిపోతూనే ఉంది.

జాగ్రత్తయ్య అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూసే మనిషి. అలాంటివాడు పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఆవిడ గొలుసు అమ్మడానికి బయల్దేరాడు. గొలుసును టిఫిన్ డబ్బాలో, డబ్బాను సంచిలో పెట్టి, సంచిని పొట్టకు కరుచుకుని నడిచాడు. చూసినవాళ్లు కడుపునొప్పి అనుకున్నారు.

అవసరం ఆవిడది. ఇన్నాళ్లూ ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుట్టింది. ఆ డబ్బులేం చేస్తున్నావని అడిగితే దారాలకూ గుండీలకూ సరిపోతున్నాయనేది. ఇప్పుడు వీధి మలుపులో ఒక గది ఖాళీ అయింది. షాపు పెట్టుకోవాలని ఆవిడ ఆశ. సాయంత్రంలోగా అడ్వాన్సు చేతిలో పడకపోతే ఫోన్ కవర్లు అమ్మేవాడికి ఇచ్చేస్తానన్నాడు ఓనరు. పుట్టింటివాళ్లు పెట్టిన రెండు పేటల గొలుసు అమ్మేద్దామంది. రేటు పెరిగేదాకా ఆగుదామన్నాడు జాగ్రత్తయ్య. పెరిగాక, ఇంకా పెరిగేదాకా అన్నాడు. ఇక ఆగడానికి రోజుల్లేవు.

మొదటి షాపులో గీటురాయి తీశారు. జాగ్రత్తయ్య గొలుసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"గీస్తే అరుగుతుంది. ఆ రాయికి అంటుకున్న బంగారం ఎవరిది?"

"గీయకుండా ఎలా కొంటాం సార్?"

"చూసి కొనండి. మేం చూసే కొన్నాం."

రెండో షాపులో గీసే పనే లేదు, మిషన్ ఉంది. లోపల పెడితే చాలు, అదే చెబుతుందన్నారు. కిరణాలు తగిలి రంగు పోతే ఎవరు జవాబుదారీ అన్నాడు జాగ్రత్తయ్య. బంగారానికి రంగు పోదని, పోయిందంటే అది బంగారమే కాదని కౌంటర్ మీద కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. ఇది మర్యాద తెలియని షాపని జాగ్రత్తయ్య బయటికి నడిచాడు.

"ఏవండీ, అందరూ దొంగలే అయితే ఇంకెవరికి అమ్ముదాం?" అంది ఆవిడ.

"అమ్మడమే వద్దంటున్నా. ఆఫీసులో లోను పెడతాను."

"సాయంత్రానికి వస్తుందా?"

ఎండ లేకపోయినా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

మూడోది సందులో ముసలి కంసాలి కొట్టు. త్రాసు ఒక పక్కకు ఒరిగిందని, ఆయన కళ్లద్దాలకు పగులుందని, కొట్లో వెలుతురు సరిపోదని జాగ్రత్తయ్య మొదలుపెట్టేలోపే ఆవిడ సంచి లాక్కుని, డబ్బా తీసి, గొలుసు ఆయన ముందు పెట్టింది.

"పుట్టింటి గొలుసు. గీయండి తాతా. అరిగితే అరగనీ."

జాగ్రత్తయ్య కళ్లు మూసుకున్నాడు. రాయి మీద గొలుసు గీసిన చప్పుడు అతని ఒంటి మీదే గీసినట్టుంది. ముసలాయన గీత మీద మందు చుక్క వేసి, కాసేపు చూశాడు.

"నిఖార్సైన సరుకమ్మా. పుట్టింటిదంటున్నావు, పనితనం కొత్తగా ఉందే?"

"మావారు మెరుగు పెట్టించుకొచ్చారు లెండి."

జాగ్రత్తయ్య కళ్లు తెరిచాడు.

"మళ్లీ గీయండి" అన్నాడు.

"అరగదూ బాబూ?" అన్నాడు ముసలాయన. అయినా గీశాడు. మళ్లీ బంగారమే.

డబ్బు సంచిలో వేసుకుని ఆవిడ మలుపు గదివైపు చకచకా నడిచింది. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగింది.

"మీ అంత జాగ్రత్తపరుడు పక్కనుంటే నన్నెవరు మోసం చేస్తారండీ? రండి."

అయ్యా, అమ్మా, రెండేళ్ల కిందట మెరుగు పెట్టిస్తానని తీసుకెళ్లి అసలు గొలుసు అమ్ముకుని, అచ్చం అలాంటి గిల్టు గొలుసు తెచ్చి స్వయంగా ఆవిడ మెడలో వేసిన జాగ్రత్తయ్య, ఆ దారాల, గుండీల డబ్బులు ఎటు పోయాయో తెలిశాక, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆవిడ వెనక నడవాలో మీలో ఎవరికైనా తోస్తే కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.