అరచేతిలో సంతకం

"రేపే లైసెన్సు టెస్టు. నువ్వు సంతకం పెడితేనే పోత," అంది ఎలిశిబా, చర్చి గ్రౌండులో స్కూటీ ఆపి.

వెనక కూర్చున్న ఆమె కూతురు వినీల విమానం నడపడం నేర్పుతుంది. ఆమె సంతకం చేయనిదే శిష్యులెవరూ పైలట్ పరీక్షకు వెళ్లలేరు.

"స్కూటీకి గా రూల్ లేదమ్మా. ఉన్నా నేను పెట్టను. రెండుసార్లు చెట్టుకు గుద్దబోయినవ్."

"మరి నీ దగ్గర నేర్చుకునే పిల్లలకు ఎప్పుడు పెడ్తవ్?"

"నేను పక్కన లేకున్నా మంచిగ నడుపుతరని నమ్మకం కుదిరితే."

"అయితే దిగు."

వినీల భయపడుతూనే దిగింది. స్కూటీ గ్రౌండంతా చుట్టి, చెట్టును తప్పించుకుని, మెల్లగా వచ్చి ఆమె ముందు ఆగింది.

వినీల పెన్ను తీసి తల్లి అరచేతిలోనే సంతకం చేసింది. "ఒక్కదానివే గింత మంచిగ ఎట్ల నడిపినవమ్మా?"

"వెనక కూసోని బ్రేకు, బ్రేకని చెవుల ఒర్రెటోళ్లు లేరు గద."

తను విమానం ఎక్కగానే శిష్యులు హెడ్‌ఫోన్ సౌండు ఎందుకు తగ్గించుకుంటారో వినీలకు అప్పుడు అర్థమైంది.