మూత తీసిందెవరు?

కిబ్బెల పళ్ళెం మీద మూత పెట్టానని గ్రసియేలా, పెట్టలేదని ఆమె అత్తగారు లతీఫె. గురువారం మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో ఇదే తగవు.

"మూత పెట్టే ఉంటే కిబ్బెలు రెక్కలొచ్చి ఎగిరిపోయాయా?" అంది లతీఫె.

మర్నాటి రాత్రి భోజనానికని అత్తాకోడళ్ళు పొద్దుటి నుంచి కూర్చుని, గోధుమరవ్వ ఉండల్లో మాంసం కూరి వేయించిన కిబ్బెలవి. వాటిలో ఓ వరస మాయమైంది. తగ్గినట్టు తెలియకుండా మిగిలినవాటిని ఎవరో ఎడంగా జరిపి పెట్టారు. ఆ జరిపిన తీరు చూశాకే గ్రసియేలాకి ఒళ్ళు మండింది. తింటే ఆకలి అనుకోవచ్చు, సర్ది పెడితే మాత్రం దొంగతనమే అంది.

అనుమానం ఎవరి మీదో కూడా అప్పుడే చెప్పేసింది. వంటింటి కుళాయి కారుతోందని లతీఫె కబురు పెడితే, మధ్యాహ్నం ఉరియేల్ వచ్చి బాగుచేసి వెళ్ళాడు. గ్రసియేలా కూతురు తమారాని పెళ్ళి చేసుకుంటానంటున్న కుర్రాడతను. ఆదివారం అతని పెద్దలు సంబంధం మాట్లాడడానికి రావాలి. వాళ్ళూ యూదులే గానీ, ఇంట్లో ఆచారం అంతంతమాత్రం. అతని నెత్తిన ఆచారపు టోపీ ఎక్కింది ఈ ఏడాదే. ఆ టోపీ దేవుడి కోసమా, తమారా కోసమా అని గ్రసియేలాకి మొదటి నుంచీ సందేహం.

"దొంగ అతనే అని తేలితే ఆదివారం ఎవరూ రానక్కర్లేదు," అంది.

"సరే, నేను తేలుస్తాను," అంది లతీఫె.

ఆమెకి కాస్త చెవుడు. అందుకే ఆమె చెప్పే రహస్యాలన్నీ వీధి దాకా వినబడతాయి. గది తలుపు బార్లా తీసి ఉంది. ముందు గదిలో తమారా బట్టలు మడతపెడుతోంది.

"రాత్రికి అందరం పిజ్జాకి పోదాం. ఆ అబ్బాయినీ పిలు. మాంసం తిన్న నోటితో ఆరు గంటలు గడిచేదాకా చీజ్ ముట్టకూడదు కదా. మాంసం వండని మన కోషెర్ పిజ్జా కొట్లో చీజ్ లేకుండా ఏముంటుంది? ఎవరి పళ్ళెం ఖాళీగా ఉంటే వాళ్ళే దొంగ."

"తిని కూడా పిజ్జా లాగించేస్తే?"

"మన ఉపాయం తెలిస్తే కదా."

ముందు గదిలో బట్టల మడతలు ఆగిపోయాయి.

తమారా బాల్కనీలోకి పరుగెత్తి ఉరియేల్‌కి ఫోన్ చేసింది. తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాడు. మూత లేదట, ఘుమఘుమ కుళాయి దాకా వచ్చిందట, అన్నం వేళకి పిలిపించడంతో కడుపు కాలిపోయిందట. తమారా బామ్మ ఉపాయమంతా అతనికి చెప్పేసింది.

"రాత్రికి ఒక్క ముక్క తిను. ఒక్కటంటే ఒక్కటి. నీ కాళ్ళు పట్టుకుంటాను. తినకపోతే మన పెళ్ళి అక్కడితో సరి," అంది తమారా.

వస్తాలే అన్నాడతను.

గురువారం రాత్రి వాళ్ళుండే ఓన్సే పేటలో ఎవరింట్లోనూ రెండో వంట ఉండదు. పొయ్యిలన్నీ మర్నాటి సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినం వంటకే. అందుకే పిజ్జా కొట్టు కిటకిటలాడుతోంది. పిల్లలు బల్లల కింద దూరుతున్నారు. వడ్డించేవాడు పళ్ళేలు నెత్తి మీదుగా ఎత్తుకుని, జరగండి జరగండి అంటూ వస్తున్నాడు.

రొట్టె ముట్టే ముందు ఆచారం ప్రకారం అందరూ చేతులు కడుక్కోవడానికి లేచారు. ఉరియేల్ లేవలేదు. గ్రసియేలా తన భర్త హైమే భుజం మీద పొడిచింది.

ఉల్లిపాయల పిజ్జా వచ్చింది. హైమే ఒక ముక్క ఎత్తితే చీజ్ తీగలు సాగి గడ్డానికి చుట్టుకున్నాయి. లతీఫె తింది, గ్రసియేలా తింది, తమారా తింది. ఉరియేల్ నిమ్మ సోడా తాగుతూ ఆలివ్ కాయల గింజలు వరసగా పేరుస్తున్నాడు.

తమారా బల్ల కింద నుంచి అతన్ని తన్నింది. అబ్బా అన్నాడు హైమే. ఈసారి గురి చూసి తన్నింది. మళ్ళీ హైమేకే తగిలింది.

"నన్నెందుకే చంపుతున్నావు? నేను తింటూనే ఉన్నానుగా," అన్నాడతను.

లతీఫె మూతి తుడుచుకుంది. "ఏం బాబూ, పిజ్జా పడదా నీకు?"

తమారా కళ్ళు మూసుకుంది.

"ప్రాణం బామ్మగారూ," అన్నాడు ఉరియేల్. "కానీ మధ్యాహ్నం మీ కిబ్బెలు తిన్నాను. అడగకుండా తిన్నాను. మిగిలినవి జరిపింది కూడా నేనే. ఇంకా గడువు తీరలేదు, ముట్టలేను."

గ్రసియేలా ముక్క పళ్ళెంలో పడేసింది. "విన్నారుగా అత్తయ్యా. ఇక చెప్పేయండి."

"చెబుతున్నా," అంది లతీఫె. పక్క బల్లలవాళ్ళు కూడా తినడం ఆపారు. "ఆదివారం వాళ్ళని రమ్మనండి. వసంతంలో పెళ్ళి."

"దొంగకా?"

"నా కిబ్బెల ముందు చేయి ఆగనివాడితో నాకు పేచీ లేదు. పట్టుబడతానని తెలిసి కూడా నోరు కట్టుకున్నాడు చూడు, నాకలాంటివాడు కావాలి."

"తెలిసా? అతనికెలా తెలుస్తుంది?"

తమారా మొహం టమాటా రసంలా అయింది. లతీఫె మనవరాలి బుగ్గ గిల్లి, ఆఖరి ముక్క తన పళ్ళెంలోకి లాక్కుంది.

"తలుపు తీసి మరీ అరిచాను కదే, వినబడకుండా ఎలా ఉంటుంది? ఇంతకీ గ్రసియేలా, మూత నువ్వు సరిగ్గానే పెట్టావులే. తీసింది నేను, కుళాయి వదులు చేసిందీ నేనే."